హ్యామ్‌ట్రామిక్‌లో చాచా హోటల్

డెట్రాయిట్‌లో ఎంఎస్ చేసినవాళ్ళని ఎవరిని కదిపినా ముందు కారు లేని రోజుల గురించే చెప్తారు. నాదీ అదే కథ. మేం దిగింది 2013 ఆగస్టులో, దానికి ముందు నెలలోనే ఆ ఊరు ఐపీ పెట్టేసింది. అమెరికాలో ఊళ్ళు కూడా ఐపీ పెడతాయని అప్పటిదాకా నాకు తెలీదు. మా నాన్నకి ఫోన్లో చెప్తే "మరి నువ్వు కట్టిన ఫీజు ఏమవుద్దిరా" అని ఆయన టెన్షన్ ఆయనది. వీధి దీపాల్లో 40 శాతం దాకా వెలిగేవి కావు, సాయంత్రం ఆరు దాటితే బస్ స్టాపులో నిలబడాలంటే ఆంజనేయ దండకం చదువుకోవాల్సిందే.

మేమున్నది వేన్ స్టేట్ యూనివర్సిటీ పక్కన, మిడ్‌టౌన్‌లో. మనవాళ్ళ హోటళ్ళూ కిరాణా కొట్లూ అన్నీ శివార్లలో, కాంటన్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు. అక్కడికెళ్ళాలంటే ఏ సీనియర్ అన్ననో బతిమాలాలి, ఆయన కారులో చోటుండాలి, ఆయనకి మూడ్ ఉండాలి. దగ్గర్లో ఇండియన్ బఫే అని ఒకటి ఉండేది కానీ అక్కడ బల్ల నిండా పనీర్లూ నాన్లూ, అన్నం మాత్రం ఒక మూల చిన్న గిన్నెలో. రావులపాలెం పక్క పల్లెటూళ్ళో పుట్టినవాడికి అన్నాన్ని మూలన పెడితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

మా రూమ్మేట్‌ది గుంటూరు, ముస్లిం కుర్రాడు. వాడి కష్టం ఇంకోటి. నమాజు దగ్గర ఎంత బద్ధకమో మాంసం దగ్గర అంత పట్టుదల, హలాల్ కాకపోతే ముట్టడు. క్యాంపస్‌లో వాడికి గతి చేప శాండ్‌విచ్, ఫ్రెంచ్ ఫ్రైస్, ఛీజ్ పిజ్జా. "గుంటూరులో పుట్టి ఇక్కడికొచ్చి బంగాళాదుంపల మీద బతుకుతున్నా బావా" అని రోజూ ఒకటే గొడవ. చివరికి వాడి క్లాసులో ఒక బంగ్లాదేశ్ అబ్బాయి జాలిపడి చెప్పాడు, కోనాంట్ బస్సెక్కి హ్యామ్‌ట్రామిక్‌లో దిగండి, బియ్యం బస్తాలు బయట పెట్టిన కొట్లు కనబడతాయి, అక్కడ ఏ హోటల్లో దూరినా కడుపు నిండుతుంది అని.

హ్యామ్‌ట్రామిక్ చిత్రమైన ఊరు. నాలుగు వైపులా డెట్రాయిటే, దాదాపుగా దాని కడుపులో ఉంటుంది, కానీ మేయర్ వేరు, పోలీసులు వేరు. మొత్తం కలిపి రెండు చదరపు మైళ్ళ పైచిలుకు. ఒకప్పుడు డాడ్జ్ కార్ల ఫ్యాక్టరీలో పనికొచ్చిన పోలండ్ వాళ్ళ ఊరు అది. 1980లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది, వాళ్ళ పిల్లలు శివార్లకి వెళ్ళిపోయారు, ఖాళీ అయిన ఇళ్ళలోకి యెమెన్ వాళ్ళూ బంగ్లాదేశ్ వాళ్ళూ వచ్చారు. బంగ్లావాళ్ళలో ఎక్కువమంది సిల్హెట్ జిల్లా మనుషులు, అందులో చాలామంది ముందు న్యూయార్క్‌లో ఉండి అక్కడి అద్దెలు కట్టలేక, ఇక్కడ ఇల్లు చవక, కారు పార్టుల ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుంది అని 90ల్లో తరలి వచ్చినవాళ్ళు. 2008లో కోనాంట్ వీధికి బంగ్లాదేశ్ అవెన్యూ అని గౌరవ నామం కూడా పెట్టారు. అజాన్ మైకులో వినిపించవచ్చని 2004లో ఊరి కౌన్సిల్ ఒప్పుకుంది, అప్పట్లో దేశమంతా దాని మీద పెద్ద రగడ. మేం వెళ్ళేసరికి ఆ రగడ ఆనవాళ్ళేమీ లేవు. ఒక పక్క సెయింట్ ఫ్లోరియన్ చర్చి గోపురం, ఇంకో పక్క అజాన్, మధ్యలో పోలిష్ బేకరీ ముందు ముసలమ్మలు.

మేం అలవాటు పడ్డ హోటల్ పేరు చెప్పను, ఎందుకంటే ఆ వీధిలో అలాంటివి చాలా ఉన్నాయి, ఎవరికి వాళ్ళది గొప్ప. గాజు తలుపు మీద హలాల్ అని ఆకుపచ్చ అక్షరాలు, దాని కింద చేత్తో రాసి అంటించిన అద్దెకు ఇల్లు కాయితాలు, విమానం టిక్కెట్ల ఏజెంట్ల ప్రకటనలు. లోపల ఎడమ చేతి వైపు మిఠాయిల అద్దాల బీరువా, చమ్‌చమ్, కాలోజామ్, రసగుల్లా, ప్లాస్టిక్ డబ్బాల్లో మిష్టి దొయి అనే తియ్య పెరుగు. కుడి వైపు వేడి ట్రేలు వరుసగా. ట్రేల వెనక చాచా. అరవై దాటిన మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, తెల్ల టోపీ, దాని మీద చలికాలంలో డెట్రాయిట్ టైగర్స్ ఉన్ని టోపీ. అందరూ చాచా అంటే మేమూ చాచా అన్నాం. ఆయన మమ్మల్ని "బాబా" అనేవాడు. మా మధ్య భాష హిందీ, ఆయనది సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ, నాది పదో తరగతి పాస్ మార్కుల హిందీ, కాబట్టి ఇద్దరికీ వ్యాకరణం అడ్డు రాలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట "భాత్?" అని. అన్నమా? మేం తల ఊపగానే పెద్ద హస్తం గరిటతో అన్నం తీసి పళ్ళెంలో వేశాడు, ఆగుతాడనుకున్నా, ఇంకో హస్తం వేశాడు, మూడోది వేసి పైన తట్టాడు. నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయని చెప్తే అబద్ధం, కానీ మూడో హస్తం దగ్గర ఇది మన చోటేరా అనిపించింది. పక్కన పల్చటి మసూర్ పప్పు, వెల్లుల్లి ఎర్రగా వేయించి తిరగమోత పెట్టింది. ఆరేడు డాలర్లకి అన్నం, పప్పు, ఒక కూర, ఒక భొర్తా. అన్నం అయిపోతే మళ్ళీ వేసేవాడు, దానికి లెక్క లేదు.

భొర్తాల గురించి కాస్త చెప్పాలి. మన రోటి పచ్చళ్ళకి అన్నదమ్ముల బిడ్డలు అవి. వంకాయ కాల్చి నలిపినది ఒకటి, ఉడికిన బంగాళాదుంప ఒకటి, చిక్కుడు గింజలది ఒకటి, అన్నిటికంటే ఘనమైనది ఎండుచేప భొర్తా, శుట్కి అంటారు వాళ్ళు. ఎండుచేపని పెనం మీద వేయించి, ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి వేసి చేత్తోనే నలుపుతారు, చివర్లో పచ్చి ఆవనూనె. చాచా దాన్ని నిమ్మకాయంత ఉండ చేసి పళ్ళెం అంచున పెట్టేవాడు. చేత్తో కొంచెం గిల్లి వేడన్నంలో కలిపితే ముక్కు నషాళానికి అంటేది, మిర్చికి కాదు, ఆవనూనెకి. ఆ నూనె మొదట్లో నాకు పడలేదు. పక్క కొట్లో సీసా చూస్తే దాని మీద పైపూతకి మాత్రమే అని రాసి ఉంది. అమెరికా వాళ్ళు ఆవనూనెని వంటనూనెగా ఒప్పుకోరు, అందుకని అమ్మేవాళ్ళు అలా రాస్తారు, కొనేవాళ్ళు అందరూ తీసుకెళ్ళి చేపల పులుసు పెట్టుకుంటారు. నెల తిరిగేసరికి మా గదిలో కూడా ఒక సీసా చేరింది.

నేను పెద్ద మాంసం తినను, ఇంట్లో ఆ అలవాటు లేదు. ఈ సంగతి చెప్పడానికి మొదట మొహమాటపడ్డాను, వాళ్ళ హోటల్లో కూర్చుని వాళ్ళ కూరని వద్దంటే ఏమనుకుంటాడో అని. చాచాకి అది వార్తే కాదు. సిల్హెట్‌లో తన ఇంటి పక్కవాళ్ళు హిందువులేనని, పెళ్ళిళ్ళప్పుడు వాళ్ళకి వేరే పొయ్యి, వేరే గిన్నెలు పెట్టేవాళ్ళమని చెప్పాడు. ఆ తర్వాత నేను ఏ ట్రే వైపు చూసినా ముందుగానే "ఇది నీది కాదు బాబా, అది నీది" అనేవాడు. కోడి కూర గరిట పొరపాటున బీఫ్ ట్రేలో పెట్టినందుకు పని కుర్రాణ్ణి నా ముందే మందలించాడు కూడా. మావాడు మాత్రం ఆ బీఫ్ కూర కోసమే వచ్చేవాడు, అందులో శాత్‌కొరా అని మన దబ్బకాయ లాంటి పుల్లటి కాయ తొక్కతో సహా ముక్కలుగా వేస్తారు, సిల్హెట్ వాళ్ళకి అది లేకపోతే పండగ కాదు. ఆ కాయ వాసన మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఆ హోటల్లో ఇంకో సగం ఉంది, అది చాచా కొడుకుల రాజ్యం. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాళ్ళు. గోడ మీద మెనూ బోర్డులో వాళ్ళ సరుకు వేరేగా ఉండేది, హలాల్ బర్గర్, ఫిల్లీ స్టేక్ శాండ్‌విచ్, కోడి రెక్కలు. సాయంత్రం స్కూలు, కాలేజీ పిల్లలంతా అటు వైపే, పంజాబీ వేసుకున్న పెద్దమనుషులంతా ఇటు అన్నం వైపు. (పంజాబీ అంటే మన లాల్చీ.) ఒకే వంటింటి నుంచి రెండు దేశాల భోజనం వచ్చేది. ఆ కోడి రెక్కలకి పూసే సాస్ నాగా మిర్చితో చేసింది. గుంటూరువాడు ఊరుకుంటాడా. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి యార్డ్ మాది అని వాడికి గర్వం. కౌంటర్లో కుర్రాడు "కొంచెం వేయమంటావా" అని మర్యాదగానే అడిగాడు. "ఫుల్లు వెయ్" అన్నాడు మావాడు. నాగా మిర్చి అంటే 2007లో ప్రపంచంలోనే అతి ఘాటైనదని గిన్నిస్ వాళ్ళు రాసుకున్న భూత్ జొలోకియాకి దగ్గర చుట్టం, మన గుంటూరు మిర్చి కంటే ఎన్నో రెట్లు కారం. దాంతో తంటా ఏంటంటే వాసన ఏదో పండులా కమ్మగా ఉంటుంది, మొదటి కొరుకు దగ్గర ఏమీ తెలీదు. మావాడు రెండు రెక్కలు తిని "ఇంతేనా" అన్నాడు. మూడోది చేతిలో ఉండగా మాట ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి, ఎక్కిళ్ళు పట్టుకున్నాయి, లేచి మిఠాయిల బీరువా దగ్గరికెళ్ళి వేలితో మిష్టి దొయి చూపించాడు. చాచా డబ్బా ఇచ్చి డబ్బులు తీసుకోలేదు, కొడుకుల వైపు తిరిగి ఏదో తిట్టాడు. ఆ కుర్రాళ్ళు అప్పట్నుంచి మావాణ్ణి గుంటూర్ అనే పిలిచేవాళ్ళు, అసలు పేరు వాళ్ళకి చివరిదాకా తెలీదనుకుంటా.

హలీమ్ దగ్గర మాత్రం వాడు రాజీ పడలేదు. వాళ్ళ హలీమ్ మనకి తెలిసిన హైదరాబాదు హలీమ్‌లా ముద్దగా గరిటజారుగా ఉండదు, పప్పులు ఎక్కువ, పల్చగా ఉంటుంది, మాంసం ముక్కలు ముక్కలుగానే తేలుతుంటాయి, పైన సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, వేయించిన ఉల్లిపాయలు, నిమ్మకాయ పిండి ఇస్తారు. "ఇది హలీమ్ కాదు బావా, మటన్ వేసిన పప్పుచారు" అని వాడి తీర్పు. నన్నడిగితే మంచు కురిసేటప్పుడు అదే బాగుంటుంది. కాచ్చి బిర్యానీ మీద మాత్రం మా ఇద్దరిదీ ఒకటే మాట: బిర్యానీలో బంగాళాదుంప వేయడమేంటి, మధ్యలో తియ్యగా ఎండు ఆలూబుఖారా పండు తగలడమేంటి అని మొదటి నెల వెక్కిరించాం, తర్వాత ఆ బంగాళాదుంప కోసం కొట్టుకున్నాం. మటన్ కొవ్వంతా పీల్చుకుని ఉంటుందది.

నేను అసలు చెప్పాలనుకున్నది చేప గురించి. ఒక శనివారం వెళ్తే ట్రేలో ఆవపిండి ముద్దలో పడుకున్న వెండి రంగు చేప ముక్కలు కనబడ్డాయి. ఇలిష్ అన్నాడు చాచా. ముక్క ఆకారం చూడగానే నాకు తెలిసిపోయింది, ఇది మన పులస కదా! రెండూ ఒకటే జాతి. సముద్రంలో బతికి గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది, వాళ్ళకి పద్మ నది, మనకి గోదారి. ఆషాఢంలో ఎర్రనీళ్ళు రాగానే మా ఊళ్ళో ఎవరి నోట విన్నా పులస మాటే, పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కూడా ఉంది కాబట్టి ఇంక చెప్పేదేముంది. మా అమ్మ మట్టి దాకలో చింతపండు పులుసు, బెండకాయలు వేసి సన్న సెగ మీద పెట్టి, ఆ రోజు ముట్టనివ్వదు, మర్నాడే వడ్డిస్తుంది.

ఇదంతా చాచాకి నా హిందీలో చెప్పాను. ఆయన గరిట కింద పెట్టేశాడు. ఇండియాలో బెంగాల్ వాళ్ళు తప్ప ఇలిష్ కోసం పిచ్చెక్కేవాళ్ళు ఉంటారని ఆయనకి ఎవరూ చెప్పలేదట. ఎప్పుడు వస్తుంది, ఎంత బరువుంటుంది, ఆవ వేయకుండా ఎలా వండుతారు అని ఒకటే ప్రశ్నలు. బెండకాయ అనగానే ముఖం అదోలా పెట్టాడు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి "ఇది అసలుది కాదు బాబా, బర్మా చేప" అన్నాడు. 2012లో బంగ్లాదేశ్ ఇలిష్ ఎగుమతి ఆపేసింది, అమెరికా కొట్లలో ఫ్రీజర్లలో దొరికేది చాలావరకు బర్మాది, కొట్టువాళ్ళు మాత్రం బంగ్లాదేశ్‌లోని చాంద్‌పూర్ చేప అనే చెప్తారు అని ఆయన కోపం. నేను పడీ పడీ నవ్వాను, ఎందుకంటే మా దగ్గరా అదే బాగోతం, ఒడిశా నుంచి లారీలో వచ్చిన సముద్రపు ఇలసని రావులపాలెం వంతెన దగ్గర గోదారి పులస అని అంటగడతారు. ఆ రోజు చాచా నాకు వేసిన ముక్కలో జన (చేప గుడ్లు) ఉంది. ముళ్ళు మాత్రం పాపం ఎవరూ తప్పించలేరు, వెంట్రుకల్లాంటి ముళ్ళు, చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య నలిపి ఒక్కోటీ తీయాలి. పక్క బల్ల మీద ఒక పెద్దాయన నేను ముళ్ళు తీస్తున్న తీరు చూసి చాచాతో ఏదో అన్నాడు. చేప తినడం తెలిసినవాడే అన్నాడట. నాకు డిగ్రీ పట్టా తీసుకున్న రోజు కూడా అంత ఆనందం లేదు, నిజంగా.

ఆ ఏడాది చలికాలం డెట్రాయిట్ చరిత్రలోనే ఎక్కువ మంచు కురిసిన చలికాలం. 2014 జనవరిలో పోలార్ వోర్టెక్స్ అని టీవీల్లో ఒకటే మోత, క్లాసులు రద్దు, బస్సులు వస్తాయో రావో దేవుడికెరుక. అలాంటి రోజుల్లో హోటల్ అద్దాలన్నీ లోపలి ఆవిరికి మసకబారి ఉండేవి, ఉబెర్ నడిపే డ్రైవర్లు, ఫ్యాక్టరీ షిఫ్ట్ దిగినవాళ్ళు కప్పు పాల టీ పట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్ళు, లేవమని ఎవరూ అనేవాళ్ళు కాదు. నా అసైన్‌మెంట్లు సగం అక్కడే చేశాను. టీ చిక్కగా, తియ్యగా, మీగడతో. షుగర్ ఉన్నవాళ్ళు తాగకూడదు, చాచాకే షుగరు, ఆయనే రోజుకి పది తాగేవాడు.

రంజాన్ ఎండాకాలంలో వచ్చింది ఆ రెండేళ్ళూ. మిషిగన్‌లో జూన్ చివర రాత్రి తొమ్మిది దాటితే గానీ పొద్దు గుంకదు, అంతసేపు ఉపవాసం అంటే మాటలు కాదు. హోటల్ ముందు బల్లలు వేసి ఇఫ్తార్ సరుకు పరిచేవాళ్ళు, ఖర్జూరాలు, ఉడికించి తాలింపు వేసిన శనగలు, మరమరాలు, జిలేబీ, వంకాయ బజ్జీలు, పెయాజు అని మసూర్ పప్పుతో చేసిన చిన్న గారెలు. చాచా వాళ్ళు ఒక పెద్ద పళ్ళెంలో మరమరాలు, శనగలు, నలిపిన గారెలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనె అన్నీ కలిపేసి నలుగురైదుగురు చుట్టూ కూర్చుని తినేవాళ్ళు. నూనె వాసన మరిచిపోతే అది రాజమండ్రి పుష్కరాల రేవులో తిన్న పిడత కింద పప్పే. బద్ధకం రూమ్మేట్ కూడా ఆ నెల నిష్ఠగా ఉపవాసాలున్నాడు, మామూలుగా వాళ్ళమ్మ చెప్తే వినేవాడు కాదు, చాచా "ఈ రోజు ఉన్నావా" అని రోజూ అడుగుతుంటే సిగ్గేసి ఉన్నాడు.

ఇక క్రికెట్. 2015 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, ఇండియా బంగ్లాదేశ్, మెల్‌బోర్న్‌లో. మాకు అది రాత్రి పదకొండున్నరకి మొదలు. చాచా కొడుకులు ల్యాప్‌టాప్ టీవీకి తగిలించారు, హోటల్ కిక్కిరిసిపోయింది, ఇండియా వాళ్ళం మేమిద్దరమే. రోహిత్ 90 మీదుండగా రూబెల్ వేసిన ఫుల్‌టాస్‌కి డీప్‌లో దొరికిపోయాడు, హోటలంతా లేచి గంతులు, కుర్చీలు పడిపోయాయి, అంతలో అంపైర్ నోబాల్ అన్నాడు. అప్పుడు ఆ గదిలో మా వైపు తిరిగిన చూపులు ఎప్పటికీ మర్చిపోలేను. రోహిత్ 137 కొట్టాడు. రీప్లే చూస్తే అది నడుము కంటే కిందే ఉన్నట్టు నాకూ అనిపించింది, కానీ ఆ మాట ఆ రోజు బయటికి అనలేదు, ఇప్పుడంటున్నా. మావాడు నెమ్మదిగా "బావా, లేద్దామా" అన్నాడు. చాచా వచ్చి మా ముందు రెండు టీలు పెట్టి వెళ్ళాడు, మాట్లాడలేదు. 109 పరుగులతో గెలిచాం, వారం రోజులు అటు వైపు పోలేదు.

సెమీఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 95 పరుగులతో ఓడిపోయాం, మాకు మార్చి 26 తెల్లవారింది. ఆ సాయంత్రం ధైర్యం చేసి హోటల్‌కి వెళ్తే తలుపు దగ్గరే చాచా చిన్న కొడుకు పళ్ళెం నిండా రసగుల్లాలతో నిలబడి ఉన్నాడు, "తీసుకో గుంటూర్, ఉచితం!" మేం ఓడినందుకు మిఠాయిలు పంచుతున్నారా అని మావాడికి మండిపోయింది. చాచా లోపల్నుంచి చాలా గంభీరంగా వచ్చి, అలా అనుకోకండి బాబా, మార్చి 26 మా స్వాతంత్ర్య దినం, ఏటా పంచుతాం అన్నాడు. తేదీ నిజమే. కానీ ఆయన గడ్డం వణుకుతోంది నవ్వాపుకోలేక. తలా రెండు తిన్నాం.

ఆ ఏడాదే నేను ఉద్యోగానికి టెక్సాస్ వచ్చేశాను. ఫ్రిస్కోలో మా ఇంటి చుట్టూ కూతవేటు దూరంలో ఉలవచారు బిర్యానీ నుంచి పొట్టి పెసరట్టు దాకా అన్నీ దొరుకుతాయి, నాకేం లోటు లేదు, అయినా ఒక్కో హోటల్లో అన్నం కప్పుతో కొలిచి బోర్లించి తెచ్చినప్పుడు చిరాకేస్తుంది. మావాడు మిషిగన్‌లోనే స్థిరపడ్డాడు, స్టెర్లింగ్ హైట్స్‌లో ఇల్లు కొన్నాడు. వాడి కబుర్ల ప్రకారం చాచా ఇప్పుడు కౌంటర్ దగ్గర నిలబడట్లేదు, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తాడు, పెద్దకొడుకు చూసుకుంటున్నాడు. మెనూ బోర్డు తీసేసి టీవీ తెరలు పెట్టారు, నాగా సాస్ వేసిన స్మాష్ బర్గర్‌కి కుర్రకారు క్యూ. అన్నం ట్రేలు సగానికి తగ్గాయి. ఎండుచేప భొర్తా శుక్రవారం మాత్రమే, అది కూడా నమాజు వదిలే లోపు వెళ్ళకపోతే ఖాళీ.

ఆగస్టులో వాడి కూతురి పుట్టినరోజుకి వెళ్తున్నాం. శుక్రవారం పొద్దున దిగేలా టిక్కెట్లు తీశాను, మా ఆవిడకి కారణం చెప్పలేదు. భొర్తా రెండు డబ్బాలు ముందే చెప్పి పెట్టరా అని వాడికి మెసేజ్ పెట్టాను, ఒకటి అక్కడ తినడానికి, ఒకటి డల్లాస్ తేవడానికి. "విమానంలోంచి దించేస్తారు బావా" అన్నాడు. మూడు కవర్లు చుట్టమన్నాను.